పాలు మాన్పే ముందు పళ్ళెం నింపుదాం
(యువజన సభలో మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



యువజన సభ అంటే చదువుల గురించో, ఉద్యోగాల గురించో, కుల ధృవీకరణ పత్రాల గురించో మాట్లాడతారని మీరు వచ్చి ఉంటారు. మేం తెచ్చిన విషయం వింటే కొందరికి నవ్వు రావచ్చు. చంటిబిడ్డ చేత తల్లిపాలు మాన్పించడం గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాం. ఇది ఆడవాళ్ళు వంటింటి దగ్గర మాట్లాడుకునే విషయం కదా, మగపిల్లలున్న సభలో ఎందుకు అనుకోవద్దు. మన యానాది, ఎరుకల, సుగాలి ఇళ్ళల్లో ఆరోగ్యంగా పాకి, నిలబడి, నడిచిన బిడ్డ ఏడాదిన్నర వయసులో ఉన్నట్టుండి చిక్కిపోవడం మీరు చూసే ఉంటారు. ఆ చిక్కడం చాలాసార్లు పాలు మాన్పిన రోజునే మొదలవుతుంది.

మన దగ్గర పాలు ఎందుకు మాన్పిస్తారు? బిడ్డకు ఇక చాలని మాన్పించేవాళ్ళు తక్కువ. పని కోసం మాన్పించేవాళ్ళే ఎక్కువ. నాట్లు, కోతలు, ఆ తర్వాత మినుము పీకడం, ఎండలు ముదిరే వేళకు మిరపకాయ కోతలు. గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతకు వెళ్ళాలంటే వారాల తరబడి ఇల్లు వదలాలి. రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండే కుటుంబాలకు ఇల్లూ పనీ రెండూ చెరువు గట్టే. "బిడ్డ పాలు మానితే అవ్వ దగ్గర వదిలి వెళ్ళొచ్చు" అనుకుంటారు. అంతే, ఆ వారంలోనే మాన్పించేస్తారు.

రెండో కారణం మళ్ళీ కడుపు రావడం. "కడుపుతో ఉన్నదాని పాలు చెడిపోతాయి, బిడ్డకు విరేచనాలవుతాయి" అని పెద్దవాళ్ళు అంటారు. పెద్దల మాటను మేం తక్కువ చేయడం లేదు. కానీ డాక్టర్లు చెప్పేది ఇది: మామూలుగా సాగుతున్న గర్భంలో పాలిచ్చినందువల్ల కడుపులో బిడ్డకు గాని, చంకలో బిడ్డకు గాని హాని లేదు. పాలు కొంచెం తగ్గవచ్చు, రుచి మారవచ్చు. ఆ తల్లికి తిండి మాత్రం ఎక్కువ కావాలి. రక్తం కనిపించినా, ముందే నొప్పులు వచ్చినా, లోగడ నెలలు నిండకుండా కాన్పయి ఉన్నా డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి.

ఇక మాన్పించే పద్ధతి. రొమ్ముకు వేపాకు ముద్ద రాస్తారు. కొందరు ముసాంబరం రాస్తారు. బిడ్డ నోరు పెట్టి, చేదు తగిలి, మొహం తిప్పుకుని ఏడుస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. కొందరు తల్లిని పుట్టింటికి పంపి బిడ్డను నాన్నమ్మ దగ్గర ఉంచుతారు. మూడు రాత్రులు ఏడ్చి నాలుగో రాత్రి బిడ్డ ఊరుకుంటుంది. ఊరుకుంది కాబట్టి పని అయిపోయిందనుకుంటాం. కానీ బిడ్డ వైపు నుంచి చూడండి. ఒకే రోజున పాలూ పోయాయి, అమ్మ ఒడీ పోయింది. ముసాంబరం అంటే కలబంద నుంచి తీసే చేదు మందు. దానికి విరేచనాలు పుట్టించే గుణం ఉంది. వేపనూనె పసివాళ్ళ కడుపులోకి పోతే ప్రాణం మీదికే రావచ్చు. కారం, పొగాకు వంటివి రాయడం అసలే కూడదు.

పాలు మానాక బిడ్డ నీరసించి, వెంట్రుకలు ఎర్రబారితే మన కాలనీల్లో "పక్షిదోషం" అంటారు, తాయెత్తు కడతారు. ఇలాంటి జబ్బును మనలాగే గమనించిన మరో జనం ఉన్నారు. వాళ్ళది పశ్చిమ ఆఫ్రికా, నేటి ఘనా దేశం. అక్కడ పిల్లల వైద్యం చేసిన సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు 1933లో ఈ జబ్బు గురించి రాసింది. 1935లో రాసిన మరో వ్యాసంలో అక్కడి గా భాషలోని పేరునే దానికి పెట్టింది: క్వాషియార్కర్. తర్వాతి బిడ్డ పుట్టినప్పుడు, చోటు పోయిన ముందు బిడ్డకు వచ్చే జబ్బు అని ఆ మాటకు అర్థం. అక్కడి తల్లులు జబ్బును దాని కారణంతో సహా పేరు పెట్టి పిలిచారు. పాలు పోయాయి, వాటి చోట గంజి లాంటి తిండి వచ్చింది, బిడ్డ పడిపోయింది. మన దేశంలోనూ ఈ జబ్బు మీద ఎంతో పరిశోధన జరిగింది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్ వంటివారు దానికోసం ఏళ్ళ తరబడి పనిచేశారు.

ఈ జబ్బులో ఒక మోసం ఉంది. పాదాలు, మొహం ఉబ్బుతాయి. చూసినవాళ్ళు "బిడ్డ ఒళ్ళు చేసింది" అంటారు. పాదం మీద వేలితో కాసేపు నొక్కి తీయండి. గుంట అలాగే ఉంటే అది ఒళ్ళు కాదు, వాపు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

అయితే పాలు ఎప్పుడు మాన్పించాలి? మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా వద్దు. ఆరు నెలలు నిండగానే తిండి మొదలుపెట్టాలి. పాలు రెండేళ్ళ వరకు, తల్లీ బిడ్డా ఇష్టపడితే ఆ తర్వాత కూడా ఇవ్వవచ్చు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఏడాది దాటిన బిడ్డకు రోజుకు కావలసిన శక్తిలో దాదాపు మూడో వంతు తల్లిపాల నుంచే రాగలదు. పాలు ఆపేస్తే ఆ మూడో వంతు పళ్ళెంలోకి రావాలి. మన ఇళ్ళల్లో వస్తున్నదేమిటి? ఒక గ్లాసు టీ, రెండు బిస్కెట్లు, ఏడిస్తే అయిదు రూపాయల ప్యాకెట్. టీ వల్ల తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ప్యాకెట్ కడుపు నింపి ఆకలిని చంపుతుంది.

అందుకే మేం చెప్పేది ఒక్కటే. ముందు పళ్ళెం నిండాలి, తర్వాత పాలు తగ్గాలి. ఏడాది నుంచి రెండేళ్ళ బిడ్డకు రోజుకు మూడు నాలుగు సార్లు అన్నం, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి కావాలి. పావు లీటరు పట్టే గిన్నెలో ముప్పావు నుంచి నిండా, ప్రతిసారీ. పాలు పూర్తిగా మానిన బిడ్డకు ఇంకో ఒకటి రెండు పూటలు కలపాలి, ఒకటి రెండు గ్లాసుల కాచిన పాలు ఇవ్వాలి.

దీనికి డబ్బాలు కొననక్కర్లేదు. కాలవలో దొరికే చేపను ఉడికించి, ముల్లు తీసి, అన్నంలో మెదిపి పెట్టండి. గుడ్డు పెట్టండి. గట్టి పప్పు, దాంట్లో మునగాకో పొన్నగంటి కూరో, పైన ఒక చెంచా నూనె. రాగి జావ, అరటిపండు, వేయించి పొడి చేసిన వేరుశనగ. గింజలుగా ఇస్తే గొంతుకు అడ్డం పడతాయి, జాగ్రత్త. కారం వేయకముందే బిడ్డ వాటా తీసి పక్కన పెట్టాలి. పాలసీసా వద్దు, దాన్ని శుభ్రంగా ఉంచడం కష్టం. మన పాత ఉగ్గుగిన్నె, చెంచా చాలు. చంటిపిల్లల పాలడబ్బాలకు, పాలసీసాలకు ప్రకటనలు చేయకూడదని 1992లోనే చట్టం వచ్చింది. డబ్బా పాలు కొంటేనే మంచి తల్లి అని ఎవరైనా అంటే నమ్మవద్దు.

మాన్పించే తీరు ఇలా ఉండాలి. రోజుకు ఆరుసార్లు తాగే బిడ్డయితే ముందు ఒక్క పూట పాలు తీసేయాలి. పగటిపూట, ఆటలో పడి మరిచిపోయే వేళ చూసుకుని ఆ పూట తిండి పెట్టాలి. నాలుగైదు రోజులు అలవాటయ్యాక ఇంకో పూట. మనంగా ఇవ్వకూడదు, అడిగితే కసరకూడదు. రాత్రి నిద్రకు ముందు తాగేది చివరికి ఉంచాలి. ఇలా నెలా నెలన్నర పట్టవచ్చు. జ్వరం, విరేచనాలు ఉన్నప్పుడు, మండుటెండల్లో, వలస వెళ్ళే వారంలో, ఇంట్లో కొత్త బిడ్డ పుట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోకూడదు. కోతలకు వెళ్ళాలని ముందే తెలుసు కదా, రెండు నెలల ముందు మొదలుపెట్టాలి.

తల్లి సంగతి కూడా చూడాలి. ఒక్కసారిగా ఆపితే రొమ్ములు గడ్డకట్టి రాళ్ళలా అవుతాయి. గుడ్డతో బిగించి కట్టవద్దు. బరువు తగ్గేంత మటుకు చేత్తో పిండి తీసేసి, చల్లటి తడిగుడ్డ వేసుకోవాలి. ఎర్రబడి, జ్వరం, చలి వస్తే ఆశా కార్యకర్తకు చెప్పి ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇప్పుడు మీ పని. ఆ నెలన్నర రాత్రిపూట బిడ్డను ఎత్తుకుని తిప్పేది ఎవరు? తండ్రి, బాబాయి, మేనమామ ఎత్తుకోవాలి. అమ్మ పక్కన లేకపోయినా తన వాళ్ళు ఉన్నారని బిడ్డకు తెలియాలి. ఒక పూట అన్నం మీ చేత్తో పెట్టండి. బిడ్డ తినడానికి అరగంట పడుతుంది, ఆ అరగంట ఫోను పక్కన పెట్టండి.

అంగన్‌వాడీ 1975 అక్టోబరు 2న మొదలైన పథకం. ఆరు నెలల నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలందరికీ అక్కడ తిండి హక్కు ఉంది. మూడేళ్ళ లోపు బిడ్డకు రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు ఇవ్వాలని 2013 చట్టంలో లెక్క కట్టారు. ఇంటికిచ్చే బాలామృతం, గుడ్లు, పాలు ఆ బిడ్డవి. ఇంటిల్లిపాదీ పంచుకుంటే బిడ్డకు మిగిలేది ఒక ముద్ద. మన కాలనీలో ఏ బిడ్డ పేరు అక్కడ లేదో చదువుకున్న మీరు చూడండి. ఆధార్ లేదని ఎవరైనా వెనక్కి పంపితే అవ్వను ఒంటరిగా తిప్పకండి, మీరు వెంట వెళ్ళండి. వలస వెళ్ళిన ఊళ్ళో కూడా దగ్గరి అంగన్‌వాడీలో అడగండి.

బిడ్డ దండ చుట్టుకొలత కొలిచే పట్టీ అంగన్‌వాడీలో ఉంటుంది. ఆరు నెలలు నిండిన దగ్గర్నుంచి అయిదేళ్ళ దాకా కొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే అది తీవ్రమైన పోషకాహార లోపం, ఆలస్యం చేయకూడదు. విరేచనాలైతే ఓఆర్‌ఎస్ తాగిస్తూ, జింకు మాత్ర 14 రోజులు పూర్తిగా వేయాలి. తిండి ఆపకూడదు. పాలు తాగే బిడ్డయితే పాలూ ఆపకూడదు.

ఇంకొక్క మాట. 2005 ఉపాధి హామీ చట్టంలో ఒక ఏర్పాటు రాశారు. పని దగ్గరికి ఆరేళ్ళ లోపు పిల్లలు అయిదుగురు, అంతకు మించి వస్తే, వాళ్ళను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి ఆమెకు కూలి ఇవ్వాలని. పనిచేసే తల్లికి బిడ్డ పక్కనే ఉండాలన్న ఆలోచన చట్టానికే వచ్చింది. మేస్త్రీతో కూలి రేటు మాట్లాడేటప్పుడు, పిల్లలకు నీడ, వాళ్ళను చూసే ఒక మనిషి కావాలని కూడా అడగండి. ఒక్కరు అడిగితే కసురుతారు, ముఠా అంతా అడిగితే వింటారు. నీడలో బిడ్డ ఉంటే, తల్లి మధ్యాహ్నం వచ్చి పాలిచ్చి వెళ్తుంది. తొందరపడి మాన్పించే అవసరమే రాదు.

ఈ సభ అయ్యాక మీ వీధిలో ఏడాది నుంచి రెండేళ్ళ మధ్య ఉన్న పిల్లలెందరో లెక్క రాసుకోండి. వచ్చే కోతల లోపు ఆ ఇళ్ళకు ఒకసారి వెళ్ళి, బిడ్డ పాలు తాగుతోందా, ఏం తింటోంది, అంగన్‌వాడీలో పేరుందా అని మూడు మాటలు అడగండి. ఆ కాగితాలు తెచ్చి మాకిస్తే, మిగతా పని మనమందరం కలిసి చేసుకుందాం.