ఋతువులు – పోటుపాటులు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



వేసవిలో సూర్యుడు భూమికి దగ్గరగా వచ్చుటచే ఎండ హెచ్చునని పలువురు తలంతురు. అది సరికాదు. భూమి సూర్యునకు మిక్కిలి సమీపమున నుండునది జనవరి మొదటి వారమున. మన పిల్లలు భోగిమంటకై పిడకల దండలు గ్రుచ్చుకొను చలిదినము లవి! మిక్కిలి దూరమున నుండునది జూలై మొదటి వారమున. కావున ఋతువులకు మూలము దూరము కాదు, భూమి యొరుగుదల. భూమి 23½ డిగ్రీలు ఒరిగి, ఆ యొరుగుదల విడువకయే సూర్యుని చుట్టి వచ్చుచున్నది.

రాజమహేంద్రవరము 17 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. కావున మే 8 ప్రాంతమున ఒకమారు, ఆగస్టు మొదటి వారమున మరియొకమారు సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. ఆ మధ్యాహ్నములందు పెరటిలో ఒక కఱ్ఱ నిలువుగా పాతినచో నీడ దాని మొదటనే అణగిపోవును. రెండుమార్లును సూర్యుని యెత్తు సమానమే. అయినను ఆగస్టులో మేఘములును తడినేలయు ఎండను మ్రింగివేయును.

మరి యుత్తరాయణము నిజముగా డిసెంబరు 21, 22 తేదీలనే ఆరంభమగుచుండ, మకర సంక్రాంతి జనవరి మధ్యమున వచ్చుట యేల? భూమి యిరుసు బొంగరమువలె మెల్లగా, సుమారు 72 ఏండ్ల కొక డిగ్రీ చొప్పున, తిరుగుటచే ఈ యెడ మేర్పడినది. అందులకు పండుగను మార్చుకొన పనిలేదు, పంచాంగమును నిందింపను పనిలేదు.

ఇక చంద్రుడు. చంద్రునివైపున నున్న సముద్రజలము అధికముగను, ఆవలివైపు జలము అల్పముగను లాగబడుటచే రెండువైపుల నీ రుబ్బును. అందుచేతనే దినమునకు రెండు పోట్లు, రెండు పాట్లు. చంద్రోదయము దినదినమును సుమారు 50 నిమిషములు వెనుకబడునట్లే పోటును వెనుకబడును. సూర్యుడు ఎంత పెద్దవాడైనను దూరస్థుడు. పోటువిషయమున అతని బలము చంద్రబలములో సగమునకు లోపే. అమావాస్యకు, పున్నమకు ఇరువురు నొకే వరుసలో నుండుటచే పోటు హెచ్చును, అష్టమికి తగ్గును.

ఇది అంతర్వేదిలో వల వేయువారికి కావలెను గాని వరిచేను గలవారికేల యనరాదు. కోనసీమలో తీరపు భూములు సముద్రమట్టమునకు కొలది యడుగుల యెత్తుననే యున్నవి. మురుగుకాలువ పాటువేళ దిగును, పోటువేళ నిలిచిపోవును. పెద్దవానకు పున్నమపోటు తోడైనచో ఉప్పునీరు కాలువలోనికి ఎగదన్నును, చేను కుళ్లును. 2011లో కోనసీమ రైతులు సార్వాకు పంట విరామము ప్రకటించుటకు గల కారణములలో ఈ మురుగుబాధయు నొకటి.

ఇంతకంటె ఘోరము 1789 డిసెంబరులో కోరంగిలో జరిగినది. పోటు మిక్కిలి హెచ్చియున్న వేళనే తుపానుగాలి సముద్రమును త్రోయగా, మూడు మహాతరంగములు ఒకదాని వెనుక నొకటి వచ్చి ఊరిని ముంచెను. సుమారు 20,000 మంది మరణించిరని చరిత్రకారులు వ్రాసిరి. అదే తుపాను పాటువేళ వచ్చియున్నచో నీరు కొన్ని యడుగులు తక్కువగా లేచెడిది. కొన్ని యడుగులలోనే ఇంటికప్పు తేలుటయు మునుగుటయు నుండును గదా!

నేటి తుపాను హెచ్చరికలలో "పోటుమట్టమునకు పైన ఇన్ని మీటర్ల ఉప్పెన" అని చెప్పుచుందురు. ఆ పోటుమట్టము ఆనాడు హెచ్చో తగ్గో గోడమీది పంచాంగమున తిథి చూచినచో చాలవరకు తెలియును.