దొరకకపోతే దొరకలేదనే చెప్పాలి



పంచాంగం చూడడం మనకెవరూ నేర్పనక్కర్లేదు. ఎడమ పక్క తేదీల వరస మీద వేలు పెట్టి కిందికి దిగుతాం. కావలసిన తేదీ దగ్గర ఆగి, అక్కణ్ణించి కుడివైపుకి జరిగి తిథీ నక్షత్రమూ చూసుకుంటాం. అమలాపురం బస్సు స్టాండులో రాజోలు బస్సు టైము చూసేదీ ఇలాగే. కంప్యూటరులో లెక్కల పట్టిక ఉంటుంది, అదేనండీ, ఎక్సెల్ అంటారే, దానిలో ‘వీలుకప్’ అనే సూత్రం చేసేది అచ్చం ఈ పనే. దానికి ముందుగా మూడు ముక్కలు చెప్పాలి. ఏం వెతకాలి, ఏ పట్టికలో వెతకాలి, దొరికాక ఎన్నో నిలువు వరసలోది తెచ్చివ్వాలి. నాలుగో ముక్క ఒకటుంది. అది రాయకపోయినా సూత్రం పనిచేస్తుంది. పనిచేసి కొంప ముంచుతుంది.

మా వీధిలో ఆడవాళ్ల పొదుపు సంఘం ఉంది. 42 మందిమి. లెక్కలు రాసేది నేనే. చాన్నాళ్లు పుస్తకంలో రాసి, మా అమ్మాయి పోరు పడలేక కంప్యూటరులోకి ఎక్కించాను. ఒకచోట అందరి పేర్లూ బాకీలూ ఉంటాయి. ఇంకోచోట పేరు కొడితే బాకీ దానంతటదే వచ్చేలా వీలుకప్ పెట్టాను. మొదటి రెండు నెలలూ ఎంత ముచ్చటగా ఉందో!

మూడో నెల సమావేశంలో ఒక పిన్నిగారి బాకీ 6,300 రూపాయలని చదివాను. అసలు పేరెందుకు, సత్యవతి అనుకుందాం. కొబ్బరి పీచు పని చేసుకుని నెట్టుకొస్తున్న మనిషి. ‘‘అదేంటండీ, నాకు పద్దెనిమిది వందలే కదండీ ఉండాల’’ అంది. ‘‘కంప్యూటరు తప్పు చెప్పదు పిన్నిగారూ’’ అన్నాను. పదిమందిలో అన్నాను. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే రసీదులన్నీ గుడ్డసంచిలో వేసుకొచ్చి మా గుమ్మంలో నిలబడింది. పాత పుస్తకం తీసి చూద్దును కదా, ఆవిడ చెప్పిందే నిజం.

జరిగిందేమిటంటే, పట్టికలో ఆవిడ పేరు ఇంగ్లీషులో రాసినప్పుడు చివర ‘టి, ఐ’ అని పెట్టాను. సమావేశం నాడు ‘టి, హెచ్, ఐ’ అని కొట్టాను. మన పేర్లకి ఈ తిప్పలు తప్పవు. లక్ష్మిని ఒకరు ‘కె, ఎస్, హెచ్’ పెట్టి రాస్తే ఇంకొకరు ‘ఎక్స్’ పెట్టి రాస్తారు. కంప్యూటరుకి వాళ్లు ఇద్దరు వేర్వేరు మనుషులు. హెచ్ ఉన్న సత్యవతి పట్టికలో లేదు. లేదని చెప్పి ఊరుకుంటే గొడవే లేకపోను. నాలుగో ముక్క రాయలేదు గనక, ‘సరిగ్గా అదే కాకపోయినా ఫరవాలేదు, దానికి ముందున్నది ఇచ్చెయ్యి’ అని నేనన్నట్టే తీసుకుంది. అక్షరక్రమంలో ముందున్నది సరస్వతి అనుకోండి, ఆవిడ బాకీ తెచ్చి ఈవిడ నెత్తిన పెట్టింది. పేర్లు అక్షరక్రమంలో లేకపోతే మరీ అన్యాయం. పట్టికలో ఉన్న మనిషికి కూడా ఇంకెవరి అంకెనో తేవచ్చు.

మరి అలాంటి ఏర్పాటు ఎందుకు పెట్టారంటారా? దానికీ వాడుక ఉందండీ. అంబాజీపేట మార్కెట్టులో వెయ్యి కాయలకింత అని కొబ్బరి ధర చెబుతారు కదా. ధర మారిన తేదీలే వరసగా పట్టికలో రాసుకున్నామనుకోండి. మన దింపు తీసిన తేదీ అందులో లేకపోతే, అంతకుముందు మారిన ధరే మనకి వర్తిస్తుంది. అక్కడ ముందున్నది ఇవ్వడమే న్యాయం. 1979లో అమెరికాలో బ్రిక్లిన్, ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు తెచ్చిన విసికాల్క్ పట్టికలోనూ వెతుకులాట ఇలా దగ్గరిదాన్ని పట్టుకునేదే. కానీ ధరలు వేరు, మనుషులు వేరు.

మనుషుల పేర్లకీ ఖాతా నంబర్లకీ చివర ‘ఫాల్స్’ అని గానీ సున్నా గానీ తప్పక రాయాలి. అప్పుడు సరిగ్గా అదే దొరికితేనే ఇస్తుంది. దొరకకపోతే గడిలో ‘ఎన్ బై ఏ’ అని వికారంగా ఒక గుర్తు పడుతుంది. చూడ్డానికి బాగోలేదని మా మేనల్లుడు ‘ఇఫ్‌ఎర్రర్’ అనే ఇంకో సూత్రం తగిలించి, ఆ చోట సున్నా పడేలా చేశాడు. తీయించేశాను. బాకీ ఉన్నామెకి సున్నా అని చూపిస్తే ఇక సంఘం నడిచినట్టే! సున్నా బదులు ‘పేరు లేదు’ అని పడేలా పెట్టించాను.

2019లో మైక్రోసాఫ్ట్ వారు ప్రకటించిన ‘ఎక్స్‌లుకప్’ అయితే, మనం వేరే చెప్పకపోయినా సరిగ్గా అదే వెతుకుతుంది. 2022 నుంచి గూగుల్ షీట్స్‌లోనూ ఉంది. పాత ఎక్సెల్‌లో దొరకదు. అప్పుడు వీలుకప్పే గతి.

అసలు పేరుతో వెతకడమే మానేశాను. పేరు చివర కంటికి కనబడని ఖాళీ ఒకటి పడ్డా దొరకలేదంటుంది. పైగా మా సంఘంలో లక్ష్ములే ఐదుగురు. సూత్రమేమో మొదటి లక్ష్మి దగ్గరే ఆగిపోతుంది. అందుకని ఒక్కొక్కరికీ ఒక నంబరిచ్చి, పాసుపుస్తకం అట్ట మీద రాసిచ్చాను.

పదిమందిలో అన్న మాట తర్వాత నెల ఆ పదిమందిలోనే వెనక్కి తీసుకున్నాను. పిన్నిగారు అదేం పట్టించుకోనట్టు, ‘‘ఇంతకీ నా నంబరెంతండీ?’’ అంది. పదిహేడని చెప్పాను. ఇప్పుడు ప్రతి నెలా నేను నోరు విప్పకముందే, పదిహేడు నంబరు బాకీ ఇంత అని ఆవిడే చెబుతుంది. నేను తెర మీద చూసి, అవునండీ అంటాను.