భూతయజ్ఞము – పక్షిజాతి



మన ఆంధ్రదేశమున వేదాధ్యయనపరులలో పెక్కుమందిది తైత్తిరీయ శాఖ. మేమును బాల్యమున పాఠశాలలో దానినే అధ్యయనము చేసితిమి. తిత్తిరి యనగా కౌజుపిట్ట. గురువు కోపించి తిరిగి యిమ్మనగా యాజ్ఞవల్క్యుడు విడిచిన యజుస్సులను తక్కిన శిష్యులు తిత్తిరి పక్షుల రూపమున గ్రహించిరని పురాణగాథ. నేలపై గింజలేరుకొను చిన్నపిట్ట పేరు వేదశాఖకే నిలిచినది. అట్టి శాఖను వల్లించు మనకు పక్షులయెడ గల విధి యేమో నేడు విచారింతము.

తైత్తిరీయారణ్యకము గృహస్థునకు పంచమహాయజ్ఞములను విధించినది. దేవయజ్ఞము, పితృయజ్ఞము, భూతయజ్ఞము, మనుష్యయజ్ఞము, బ్రహ్మయజ్ఞము అని వాని పేర్లు. ఇచట భూతములనగా ప్రాణులు. తాను భుజింపకముందే ప్రాణులకు అన్నభాగము నుంచుట భూతయజ్ఞము. పిడికెడు మెతుకులు గోడమీద పెట్టిన తీరిపోవును గదా యని కొందరందురు. తీరదు. ఇంటికి వచ్చిన అతిథి మొగము చూడక విస్తరి వేయుదుమా? ఎవరికి పెట్టుచున్నామో వారిని ముందుగా ఎరుగవలెను.

మన పెద్దలు ఎరిగియే పెట్టిరి. అమరకోశములో పక్షుల పేర్లు చూడుడు. కాకికి బలిపుష్టమని, అనగా బలిచేత పెరుగునదని, ఒక పేరు. తన పేరు తానే చెప్పుకొనునది గనుక ఆత్మఘోషమని వేరొకటి. కాకి పరభృత్తు, కోకిల పరభృతము. వినుటకు రెండును ఒకటే వలె నున్నవి. కాని మొదటిది ఇతరులను పోషించునది, రెండవది ఇతరులచే పోషింపబడునది. ఒక్క అక్షరభేదములో ఆ రెండు పక్షుల చరిత్ర యంతయు ఇమిడియున్నది. మగకోకిల కాకిగూటి దాపున చేరి కూయును. కాకులు దానిని తరుముకొని పోవును. ఆ సందున ఆడకోకిల వచ్చి గూటిలో గ్రుడ్డు పెట్టి పోవును. ఆ గ్రుడ్డు కాకిగ్రుడ్లకంటె ముందుగా పిల్లయగును. కాకి దానికి మేతపెట్టి పెంచును. కోకిలమ్మ పాడినదని మనమందుము గాని ఆ మధురస్వరము మగపక్షిది. ఆడుది గోధుమవన్నె మేనిపై తెల్లని చుక్కలతో ఆకుల చాటున నణగియుండును. ఇక కాకిని నల్లనిదని, కర్కశమని లోకము నిందించును. తనది కాని బిడ్డకు మేతపెట్టు ఆ పక్షికి మనము తొలిముద్ద పెట్టుచున్నాము. ఇది ఉచితమే గదా!

గిజిగాని గూటిని మీరందరు చూచియుందురు. తాటియాకు, ఈతయాకు, వరియాకు సన్నని పీలికలుగా చీల్చి, బావిమీదికి వ్రాలిన కొమ్మలకు, తాటిమట్టలకు వ్రేలాడునట్లు ముక్కుతోనే అల్లును. అల్లునది మగపిట్ట. గూడు సగమైనంతనే అల్లిక ఆపి, రెక్కలాడించుచు ఆడుపిట్టను పిలుచును. ఆమె వచ్చి లోపల దూరి పరీక్షించును. నచ్చినచో అతడు మిగిలిన పని పూర్తిచేసి, క్రిందికి గొట్టమువంటి ద్వారము దించును. నచ్చనిచో అతని శ్రమ యంతయు వృథా. మరియొక గూటికి పూనుకొనవలసినదే. ఇల్లు కట్టించి ఇల్లాలిని అడుగని పురుషులు ఈ పిట్టను ఒకమారు తలచుకొనుట మేలు.

అడవులలో కొమ్మువంటి ముక్కుగల పక్షి యొకటి కలదు. దాని నడత మరింత విచిత్రము. ఆడుపక్షి చెట్టుతొఱ్ఱలో చేరి, మట్టితోను మలముతోను ద్వారమును పూడ్చుకొని, ముక్కు పట్టునంత సందు మాత్రము విడుచును. గ్రుడ్లు పిల్లలగునంతవరకు వెలికి రాదు. మగపక్షి మర్రిపండ్లు, రావిపండ్లు తెచ్చి ఆ సందునుండి అందించుచుండును. వేటగాడు ఆ ఒక్క మగపక్షిని కొట్టినచో తొఱ్ఱలోని సంసారము కూడ ఆపదలో పడినట్లే.

ఈ గృహధర్మమును మెచ్చుకొనుచునే దాని హద్దును కూడ పక్షులవద్దనే నేర్వవలెను. భాగవతము ఏకాదశస్కంధమున అవధూత చెప్పిన ఇరువదినలుగురు గురువులలో పావురము, కురరము అను పక్షులున్నవి. పావురము ఆలుబిడ్డలు వలలో పడగా మోహముచే తానును అందే పడినది. కురరము తన మాంసపుముక్కకై బలమైన పక్షులు వెంటబడగా దానిని జారవిడిచి సుఖపడినది. ఒకటి పట్టు వదలక చెడినది, ఒకటి వదలి బ్రదికినది.

ఇక ముఖ్యమైన మాట. జటాయువునకు శ్రీరాముడు తండ్రికి వలె అంత్యక్రియలు జరిపెను. ఆ రాబందుజాతి మన దేశమున ఒకప్పుడు కోట్లకొలది యుండెను. 1992 మొదలు 2007 లోపల తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా నశించినవి. కారణము 2004లో తేలినది. పశువుల నొప్పులకు ఇచ్చు డైక్లోఫెనాక్ అను మందు పడిన పశువు చనిపోయినచో, ఆ కళేబరమును తిన్న రాబందు మూత్రపిండములు చెడి మరణించును. ప్రభుత్వము 2006లో పశువైద్యమున ఆ మందును నిషేధించినది. మనుష్యుల మందును పశువులకు మళ్లించుచుండుటచే 2015లో సూదిమందు సీసాను 3 మిల్లీలీటర్లకు తగ్గించినది. ఎవరును రాబందులను చంపదలపలేదు. ఆవు బాధ చూడలేక దయతోనే మందిచ్చిరి. దయ యున్నది, ఎరుక లేదు. ఆ కొరత వలన జటాయువు వంశమే అంతరించు స్థితి వచ్చినది. ఊరి వెలుపల కళేబరములను శుద్ధిచేయు ఆ పక్షి లేనిచోట శవములు క్రుళ్లును, కుక్కలు పెరుగును. ఎరుకలేని దయ ఎంత చేటు తెచ్చునో దీనివలన గ్రహింపుడు.

ఎరుకతో కూడిన దయకు కూడ మన సీమలో తార్కాణములున్నవి. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమునకు, హిందూపురము దాపున గల వీరాపురమునకు ఏటేట కొంగలు వచ్చి ఊరిచెట్లపై గూళ్లు కట్టుకొనును. తేలినీలాపురమునకు గూడబాతులును వచ్చును. అవి సైబీరియానుండి వచ్చునని లోకులందురు గాని ఈ రెండును మన దేశపు పక్షులే. గ్రామస్థులు వానిని శుభసూచకములుగా నెంచి, ఇంటి ఆడుబిడ్డల వలె కాపాడుచు వచ్చిరి. వారు శాస్త్రము చదివిరో లేదో గాని భూతయజ్ఞము చేసిరి.

కావున భక్తులారా, వేసవిలో పెరటిలో మట్టిమూకుడుతో నీరుంచుడు. గిజిగాని గూటిని అలంకారమునకై కోయకుడు. గాలిపటములకు నైలాను దారము, గాజుపొడి దారము వాడకుడు. అవి రెక్కలు కోయును. ఆవుకు మందిప్పించునపుడు అది రాబందులకు హానికరమా యని పశువైద్యుని అడుగుడు. సంక్రాంతికి కొత్త వరికంకులను కుచ్చులుగా అల్లి దేవాలయ మండపమున కట్టు ఆచారమును విడువకుడు. కట్టి వెంటనే ఇంటికి పోవలదు. పిచ్చుక వచ్చి గింజ ఒలుచుకొను తీరును పిల్లలకు చూపి, ఆ పిమ్మట స్వామి దర్శనము చేసికొనుడు. చూచిన దానిని కాపాడవలెనని వారికే తోచును.

స్వస్తి.