కుదుపులు తగ్గాలంటే

పాత మినీబస్సులో మంచాలు, పొయ్యి, నీళ్ల ట్యాంకు అమర్చుకుని యాత్రలకు వెళుతుంటాం మేము. హోసూరు నుంచి తిరుపతికి మొదటిసారి వెళ్లివచ్చేసరికి, చివరి సీట్లో కూర్చున్న మా అమ్మకు నడుము పట్టేసి నాలుగు రోజులు మంచం దిగలేదు.

కమాన్ కట్టలు బలహీనపడ్డాయని మెకానిక్ ఇంకో పట్టీ వేశాడు. కుదుపు ఎక్కువైంది. కాక ఏమవుతుంది? పట్టీ పెరిగితే కట్ట బిగుస్తుంది; బరువు మోస్తుంది గానీ మెత్తబడదు.

ముందే చేయవలసిన పని తరువాత చేశాం. సామానుతో, మనుషులతో సహా బండిని కాటా వేయించాం, ముందు చక్రాల మీద ఎంత, వెనక చక్రాల మీద ఎంత అని విడివిడిగా. 200 లీటర్ల నీళ్లంటే 200 కిలోలు కదండీ! ఆ ట్యాంకు వెనక ఇరుసు దాటి వేలాడుతోంది. దాన్ని రెండు ఇరుసుల మధ్యకు జరిపించాం. టైర్లు చల్లగా ఉన్నప్పుడు, ఆ బరువుకు కంపెనీ పట్టికలో చెప్పినంత గాలి పెట్టించాం. మెత్తగా ఉంటుందని అంతకన్నా తగ్గించకండి, టైరు వేడెక్కి పేలుతుంది.

బరువు పరిమితిలోనే ఉందని తేలాక అదనపు పట్టీ తీసేశాం. తుప్పుతో అతుక్కుపోయిన మిగతా పట్టీలను విప్పి, శుభ్రం చేసి గ్రాఫైట్ గ్రీజు రాయించాం. అరిగిన బుష్‌లు, నూనె కారే షాక్ అబ్జార్బర్లు జతలుగా మార్చాం.

అమ్మ సీటు కూడా ఇరుసుల మధ్యకే వచ్చింది. మొన్న స్పీడ్ బ్రేకరు దాటాక బండి ఒక్కసారి ఊగి నిలిచింది. ఆవిడ కళ్లు తెరిచి, "ఊరొచ్చిందా?" అంది.