గుట్ట దున్నినోడి సినిమా



ఇవాళ మేము ఒక సినిమా గురించి చెప్పడానికి నిలబడ్డాం. ఉక్రెయిన్ సినిమా. 'ఎక్కడి దేశమో, మనకెందుకయ్యా' అంటారేమో, కాస్త వినండి.

పేరు 'రాతి శిలువ'. ఉక్రెయిన్ సోవియట్ యూనియన్‌లో ఉన్న కాలంలో, 1968లో, కీవ్‌లోని దొవ్‌జెన్కో స్టూడియోలో తీశారు. నలుపు తెలుపు బొమ్మ. దర్శకుడు లియొనీద్ ఓసికా, అప్పటికి ముప్పై నిండని కుర్రాడు. ఉక్రెయిన్ సినిమా అనగానే మేధావులు దొవ్‌జెన్కో 'భూమి' (1930), పరజానోవ్ 'మరచిన పూర్వీకుల నీడలు' (1965) అని ఆగిపోతారు. అవి గొప్పవే, కాదనం. కానీ అక్కడివాళ్లు గుండెల్లో పెట్టుకున్న ఈ సినిమా బయట మరుగున పడిపోయింది.

కథ వసీల్ స్తెఫానిక్‌ది. 1871లో రూసివ్ అనే పల్లెలో పుట్టాడు. ఆ గలీషియా ప్రాంతం అప్పుడు ఆస్ట్రియా ఏలుబడిలో ఉంది. 1848లో వెట్టి రద్దయింది. వెట్టి పోయింది గానీ పెద్ద కమతాలూ అడవులూ దొరల దగ్గరే ఉండిపోయాయి.

ఇవాన్ దిదూఖ్ పదేళ్లు పట్టాళంలో చేసి వచ్చేసరికి అమ్మా నాన్నా లేరు. మిగిలింది ఒక గుడిసె, ఊళ్లోకెల్లా పనికిమాలిన గుట్ట. బండికి ఒక పక్క గుర్రాన్ని కడతాడు, రెండో పక్క తానే పూనుకుంటాడు. గుర్రానికి తోలు పట్టీలు, తనకి తాడు! పేడ మోసి మోసి ఆ గుట్టలో పంట తీశాడు. నడుము వంగింది, మళ్లీ లేవలేదు. ఊరు పెట్టిన పేరు 'విరిగినోడు'. రాళ్లగుట్టకి పట్టా ఇచ్చి 'భూమి ఇచ్చాం' అంటే ఏమిటో ఇక్కడ కూర్చున్నవాళ్లకి మేము చెప్పాలా?

నేల చాలక 1891 నుంచి అక్కడి జనం కెనడా ఓడలెక్కారు. పది డాలర్లు కడితే 160 ఎకరాలు. (ఆ ఎకరాలు అక్కడి ఆదివాసులవి. సినిమా ఆ మాట ఎత్తదు, మనం ఎత్తాలి.) కొడుకులు పోదామంటారు. ముసలాయన తన పేరూ భార్య పేరూ చెక్కించి గుట్ట మీద రాతి శిలువ నాటిస్తాడు. బతికుండగానే సమాధి! దనీలో ఇల్చెన్కో అనే ఆయన ఆ వేషం కట్టాడు. నటన అనిపించదు, మన తాతే కనిపిస్తాడు.

మాలో మేము గట్టిగా వాదులాడుకున్నది దొంగ ఘట్టం మీద. అది స్తెఫానిక్ ఇంకో కథ. స్క్రిప్టు రాసిన కవి ఇవాన్ ద్రాచ్ రెండూ కలిపాడు. ఇవాన్ ఇంట్లో దొంగ దొరుకుతాడు. పొరుగువాళ్లొస్తారు. వాడితో కూర్చుని తాగుతారు, మాట్లాడతారు, ఆఖరికి చంపేస్తారు. దొంగ దొర కాదు, లేనోడే. మాలో ఒకాయన 'పేదల్ని ఇట్లా చూపిస్తే దొరలకి సందు దొరకదా?' అన్నాడు. ఒక అక్క ఊరుకోలేదు. 'దొర మీదికి లేవని చెయ్యి మనకన్నా కిందున్నోడి మీదికి లేవడం మన వాడల్లో చూడలేదా?' అంది. ఆ పూట ఆ వాదన తెగలేదు.

బయల్దేరేముందు ముసలోళ్లకి దొరల బట్టలు తొడుగుతారు. ఇల్లంతా గొల్లుమంటుంది. అప్పటిదాకా పట్టుకున్నవాళ్లం మేమూ అక్కడ ఆగలేకపోయాం.

భోజనాలయ్యాక తెర కడతాం. మాటలు మేము తెలుగులో చెబుతుంటాం. దొంగ ఘట్టం అవగానే బొమ్మ ఆపుతాం. ముందు ఆడవాళ్లు మాట్లాడాలి.