మన బడి, మన బోధన భాష
(ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠము)



మన హోసూరు ప్రాంతపు పిల్లవానికి తెలుగు రెండు విధములు. ఇంటిలో “యాడికి పోతివిరా, బిన్నా రా” అనెడి తెలుగు ఒకటి, పుస్తకములోని తెలుగు మరొకటి. సంతలో తమిళము, కన్నడము ఎటులను ఉండనే ఉన్నవి. నేను బడిలో చేరిననాడు మన ఊరు సేలము జిల్లాలో ఉండేది. 1965లో ధర్మపురి జిల్లాలోనికి, 2004లో కృష్ణగిరి జిల్లాలోనికి చేరినది. ఇల్లు కదలకుండనే మూడు జిల్లాలు చూచిన అదృష్టము మాది!

మా తెలుగు అయ్యవారు ఇంటి మాటను ఎన్నడును వెక్కిరింపలేదు. “బిన్నా” అని వ్రాసిన పలకపై ప్రక్కనే “త్వరగా” అని వ్రాసి రెండును చదివించేవారు. సైన్సు అయ్యవారు “కిరణజన్య సంయోగక్రియ” అను మాటను మా చేత మంత్రమువలె వల్లె వేయించి ఊరకుండలేదు. తోటలోని ఒక ఆకులో కొంత భాగమును నల్లకాగితముతో మూసి, కొన్ని దినముల పిదప దానిని స్పిరిటులో ఉడికించి, అయోడిను చుక్కలు వేసినారు. ఎండ తగిలిన భాగము నీలినలుపైనది. మూసిన భాగము కాలేదు. కళాశాలలో “ఫోటోసింథసిస్” అను పేరు చెవినబడిన దినమున, పటము చూడగానే అది మా తోటలోని ఆకేనని తెలిసినది.

అయినను తొలి ఆరు నెలలు ఇంగ్లీషు ఉపన్యాసములు వ్రాసికొనలేక అవస్థపడినమాట నిజమే, దాచుట ఎందుకు? అట్టి అవస్థను చూచిన తల్లిదండ్రులు, 1970వ దశకములో సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చిన పిదప, ఇంగ్లీషు మాధ్యమము వైపు మొగ్గినారు. వారిని నిందింపలేను. కాని ఆరు నెలల కష్టమును తప్పించుటకై పదేండ్ల చదువును అర్థముకాని భాషలో పెట్టుట ఏమి లెక్కయో నాకు నేటికిని బోధపడదు.

చట్టము మాట కూడ చెప్పవలెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు మనము మద్రాసు రాష్ట్రముననే ఉండిపోతిమి. 1956 సవరణతో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని చెప్పుచున్నది. ప్రాథమిక దశ దాటిన పిదప ఆ అధికరణము మౌనము వహించును. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము ఒకటవ తరగతితో మొదలై, ఏటికొక్క తరగతి చొప్పున పైకి ప్రాకి, 2015–16లో పదవ తరగతిని చేరినది. తమిళము తప్పనిసరి మొదటి భాష అయినది. తెలుగు ఐచ్ఛికముగా మిగిలినది. అది మొదలు పరీక్షాకాలము వచ్చినదన్న మన పిల్లలు పుస్తకము ఒక చేత, న్యాయస్థానపు మినహాయింపు వార్త మరొక చేత పట్టుకొని కూర్చుండవలసి వచ్చినది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మినహాయింపును ఒక్క సంవత్సరమునకే.

తమిళముతో మనకు పేచీ లేదు. మనము బేరమాడినది, స్నేహములు చేసినది ఆ భాషలోనే. తమిళము నేర్పు అయ్యవారిని చాలినంతమందిని నియమింపక, తమిళములో పరీక్ష వ్రాయుమనుటయే మన అభ్యంతరము.

కనుక పూర్వ విద్యార్థులకు నా విన్నపము రెండు మాటలు. తెలుగు తరగతుల పిల్లలకు సాయంకాలము తమిళము చెప్పువారి జీతమును మనము భరింతము. తెలుగు ఉపాధ్యాయ పదవి ఖాళీ అయిన నాడే విద్యాశాఖకు అర్జీ పంపుటకు ఒక సంఘమును ఏర్పరతము. మొదటి దానికి నా వంతు పైకమును సభ ముగియగానే కార్యదర్శిగారికి అందజేయుదును. సెలవు.