పర్యావరణ బాధ్యత: స్త్రీల వాటా ఎంత?

(విశాఖపట్నంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"వాతావరణ మార్పు - మన బాధ్యత" అన్న విషయం మీద మాట్లాడమన్నారు. ఇందులో "మన" అన్న మాటతో నాకు కొంచెం పేచీ ఉంది. పర్యావరణం మీద జరిగే సభల్లో నేను తరచూ గమనించేది ఒకటుంది. భూమి వేడెక్కుతోందని, సముద్రం పైకొస్తోందని గంటసేపు వివరంగా చెప్తారు. చివరి పది నిమిషాల్లో ఆడవాళ్ల వైపు తిరిగి తడిచెత్త, పొడిచెత్త వేరు చెయ్యండి, బట్టసంచీ పట్టుకెళ్లండి, కుళాయి కట్టెయ్యండి అంటారు. పక్కనే కూర్చున్న మగవాళ్లకి చెప్పడానికి ఏమీ ఉండదు.

ఈ పనులన్నీ నేను చేస్తాను. మానెయ్యమని ఎవరికీ చెప్పను. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు, మంచిదే. కానీ ఆ సంచీ ఉతికేదెవరు? బుట్టలు వేరువేరుగా సర్ది, చెత్తబండి వచ్చే వేళకి వాకిట్లో నిలబడేదెవరు? ఇంటి చాకిరీలో ఇంకో పని చేరింది, దానికి పర్యావరణం అని పేరు పెట్టారు.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. మన ఇంట్లో గ్యాస్ సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు. అది మొత్తం మండితే సుమారు 42 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. బొగ్గుతో నడిచే కొలిమిలో ఒక్క టన్ను ఉక్కు తయారవడానికి రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే యాభై సిలిండర్ల పైమాటే. మన ఉక్కు కర్మాగారం సామర్థ్యం ఏడాదికి 73 లక్షల టన్నులు. పరవాడ దగ్గర సింహాద్రి విద్యుత్ కేంద్రం బొగ్గు మీద నడిచేదే, 2,000 మెగావాట్లది. వీటి పక్కన పెట్టి చూస్తే, పప్పు కుక్కర్‌లో ఒక కూత తగ్గించి మనం మిగిల్చేది ఎంతో మీకే తెలుస్తుంది.

ఫ్యాక్టరీ మూసెయ్యమని నేనడం లేదు. "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అని 1966లో ప్రాణాలిచ్చి తెచ్చుకున్నది అది. దాని కోసం ఊళ్లకి ఊళ్లే భూములు వదిలేశాయి. 2021లో దాన్ని అమ్మెయ్యాలని కేంద్రం నిర్ణయించినప్పుడు కార్మిక కుటుంబాల ఆడవాళ్లు కూడా రోడ్డెక్కారు. ఉద్యోగం కావాలా, గాలి కావాలా అని మనల్ని అడగడమే అన్యాయం. నిలబడేలా పెట్టుబడి పెట్టండి, కొలిమి మార్చండి, పొగ తగ్గించండి అని మూడూ కలిపి అడిగే హక్కు మనకుంది.

ఈ ఊరి నేల తీరు కూడా చూడాలి. ఒకపక్క యారాడ కొండ, ఇంకోపక్క సింహాచలం కొండల వరస, మధ్యలో పళ్లెంలా పల్లం. పోర్టు, రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీ అన్నీ ఆ పళ్లెం లోనే ఉన్నాయి. లేచిన పొగ, ధూళి తొందరగా బయటికి పోవు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పారిశ్రామిక ప్రాంతాలకి కాలుష్య సూచీ కట్టినప్పుడు విశాఖ 70కి పైగా తెచ్చుకుని తీవ్రంగా కలుషితమైన ప్రాంతాల జాబితాలోకి ఎక్కింది. వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు వెళ్లి చూడండి. అరుగు తుడిచిన గంటకే మళ్లీ నల్లగా అవుతుంది. బొగ్గు ధూళి ఎన్ని మైక్రోగ్రాములో కొలిచే యంత్రాలున్నాయి. దాన్ని తుడవడానికి పట్టే గంటలు ఎవరూ కొలవలేదు.

ఇక వాతావరణ మార్పు మన దగ్గరికి ఎలా వచ్చిందంటారా? ఏ ఒక్క తుఫానునీ పూర్తిగా దాని ఖాతాలో రాసెయ్యలేం. కానీ వేడెక్కిన సముద్రం తుఫానుకి బలమిస్తుందన్నది శాస్త్రజ్ఞులు తేల్చిన సంగతి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదే తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు లేదు, కుళాయిల్లో నీళ్లు లేవు. ట్యాంకర్ల దగ్గర బిందెలతో నిలబడింది ఎవరో చెప్పక్కర్లేదు. మరుసటి ఏడాది మే నెల వడగాడ్పులకి రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎండ ముదిరితే గంపలో మంచు కరిగి చేప పాడవుతుంది. దాంతో రోడ్డు పక్కన అమ్ముకునే మన జాలరి ఆడవాళ్లు మధ్యాహ్నానికల్లా వచ్చిన ధరకి ఇచ్చేసి లేవాల్సి వస్తుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం. ఆ రోజులకి భృతి వేటకి వెళ్లేవారి లెక్కన ఇస్తారు. చేప అమ్మే మనిషికి కూడా ఆ 61 రోజులు బేరం ఉండదన్న సంగతి ఆ లెక్కలో లేదు.

బాధ్యత గురించి మాట్లాడేటప్పుడు ఆర్.ఆర్. వెంకటాపురాన్ని తలచుకోకుండా ఉండలేను. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. సైరన్ మోగలేదు. మోగించడానికి ఫ్యాక్టరీలో 36 చోట్ల ఏర్పాటు ఉందని, ఎక్కడా వాడలేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి తమకి లేదని కంపెనీయే 2019లో ప్రమాణపత్రంలో ఒప్పుకుంది. భోపాల్ తర్వాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టంలో 41బి అనే సెక్షన్ చేర్చారు. ప్రమాదకర ఫ్యాక్టరీ యాజమాన్యం తన దగ్గరున్న ప్రమాదాల సంగతి కార్మికులకే కాదు, చుట్టుపక్కల జనానికీ తెలియజెయ్యాలని దాని సారాంశం. 2020లో అది అమలులో ఉన్న నియమమే. మన చెత్తబుట్ట రంగు చూసి తప్పుపట్టే వ్యవస్థ, గోడ అవతల ట్యాంకులో ఏముందో ఆ ఇళ్లలోని తల్లులకి చెప్పలేదు. నాకు మండేది ఇక్కడే.

శుభ్రమైన గాలి, నీరు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. 2024లో, బట్టమేక పక్షుల రక్షణ కోసం వేసిన కేసులో, వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ కూడా పౌరుల హక్కేనని అంది. పక్షుల పుణ్యమా అని మనకో హక్కు దక్కింది, వాడుకుందాం.

మరి వాడుకోవడం ఎక్కడ? పెద్ద ఫ్యాక్టరీ కొత్తగా పెట్టాలన్నా, విస్తరించాలన్నా, 2006 నోటిఫికేషన్ ప్రకారం చాలా వాటికి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి. సభలో ఎవరైనా మాట్లాడొచ్చు, చదువుతో పని లేదు. జనం చెప్పినవన్నీ రాసుకుని, సభ ముగిసే ముందు మన భాషలో చదివి వినిపించాలి. ఈ చివరి సంగతి మనలో చాలామందికి తెలియదు. పొద్దున్న పది గంటలకి సభ పెడితే మగవాళ్లు ముందు వరసలో కూర్చుంటారు, ఆడవాళ్లు వంట ముగించుకుని వచ్చేసరికి భోజనాల వేళవుతుంది. కాబట్టి ప్రకటన వచ్చిన రోజే సారాంశం తెచ్చి వాడల్లో చదివి వినిపిద్దాం. ఎవరు ఏం అడగాలో ముందే అనుకుందాం. గాలి ఎటు వీస్తుంది? సైరన్ ఎవరు మోగిస్తారు? రాత్రి పూట ఎటు పరుగెత్తాలి? దుమ్ము పడకుండా కుప్పల మీద ఏం కప్పుతారు? ఈ ప్రశ్నలు అడిగి, చివర చదివి వినిపించేదాకా అక్కడే కూర్చుందాం. మనం చెప్పింది కాగితం మీద లేకపోతే లేచి, ఆ మాట కూడా రాయమందాం.